న్యుమోనియా క్రిమి పట్టు విడిపించగలమా?

చేల గట్ల మీద నడిచి వస్తే ఉత్తరేణి గింజలు పంచెకు, చీర అంచుకు పట్టుకుంటాయి. ఎంత దులిపినా ఓ పట్టాన రావు. న్యుమోనియా తెచ్చే క్రిములూ అంతే. గాలితో లోపలికి వచ్చిన క్రిములను చాలావరకు చీమిడి, దగ్గు బయటకు నెట్టేస్తాయి. లోపలి పొరకు గట్టిగా అంటుకున్న క్రిమే అక్కడ పెరిగి జబ్బు తెస్తుంది.

కొత్త మందులు ఎందుకు?

భీమవరంలో పుట్టిన డా. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకు నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లే సంస్థ నుంచి 1948లో అరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. ఇలాంటి మందులు ఎందరినో బతికించాయి. కానీ డాక్టరు రాయకుండానే కొని, అవసరం లేకున్నా వాడటం వల్ల మందులకు లొంగని క్రిములు పెరుగుతున్నాయి.

అందుకే శాస్త్రవేత్తలు క్రిమిని చంపకుండా, దానికి పట్టు దొరకకుండా చేసే మందుల కోసం వెదుకుతున్నారు. చాలా క్రిములు మన కణాల మీది చక్కెర అణువులను పట్టుకుంటాయి. అదే రూపంలో ఉన్న అణువును మందుగా ఇస్తే క్రిమి దానినే పట్టుకుని కణాన్ని వదిలేయాలి. ఉత్తరేణి ముళ్లకు ముందే దూది అద్దినట్టన్నమాట.

ఇది సులువు కాదు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ క్రిమే పిల్లల చెవుల్లోనూ ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. దాన్ని ఆపాలని ఫిన్లాండ్‌లో ఇలాంటి చక్కెర మందును పిల్లల ముక్కులో చల్లి చూశారు. 2000లో వెలువడిన ఫలితాల్లో ప్రయోజనం కనబడలేదు. ఒక్కో క్రిమికి ఎన్నో కొక్కేలు ఉండటం పెద్ద చిక్కు. న్యుమోనియాకు ఇలాంటి మందు ఇంకా వాడుకలోకి రాలేదు.

ఇప్పుడే మన చేతిలో ఉన్నవి

తల్లిపాలు: క్రిముల పట్టును అడ్డుకునే చక్కెరలు వీటిలో సహజంగానే ఉన్నాయి. మొదటి 6 నెలలు తల్లిపాలే ఇవ్వండి.

టీకా: న్యుమోకాకల్ టీకా (పీసీవీ) 2021 నుంచి మన రాష్ట్రంలో ఉచితం. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు వేయించండి. ఇది క్రిమి ముక్కులో మకాం వేయడాన్నీ తగ్గిస్తుంది.

పొగ, దుమ్ము: పొగ తగిలిన కణాలకు న్యుమోకాకస్ మరింత సులువుగా అంటుకుంటుంది. కట్టెల పొయ్యి, బీడీ పొగకు పసిపిల్లలను దూరంగా ఉంచండి. మార్కాపురం పలకల పనివారికి రాతి దుమ్ము వల్ల క్షయ ముప్పు కూడా ఎక్కువ. రాయిని తడిపి కోయండి, మాస్కు వాడండి. దగ్గు 2 వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకోండి.

ఆలస్యం వద్దు

బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, 5 ఏళ్ల లోపు 40, లేదా అంతకు మించితే ప్రమాదం. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా షాపు మందు వేసి చూద్దామని ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.