గేటు నుంచి కిలోమీటరు

2016 జులై 17. దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో తుపాకులు ఆగి ఆరు రోజులైంది. ఐక్యరాజ్యసమితి స్థావరాన్ని ఆనుకుని ఉన్న శిబిరంలోంచి ఆడవాళ్లు గింజల కోసం, పిండి కోసం బయటికి వస్తున్నారు. లోపల తిండి అయిపోయింది. నగరంలో ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్ల గోదాము అప్పటికే లూటీ అయింది. పోయిన సరుకు 4,500 టన్నులు. 2 లక్షల 20 వేల మందికి నెల రోజులు సరిపోయే తిండి అది.

ఆ రోజు స్థావరం పడమటి గేటుకు కొన్ని వందల మీటర్ల దూరంలోనే యూనిఫారం వేసుకున్న ఇద్దరు సైనికులు ఒకామెను పట్టుకుని లాక్కెళ్లారు. గేటు దగ్గర, కాపలా బురుజు మీద ఉన్న శాంతి సైనికులు చూస్తూ నిలబడిపోయారని అక్కడున్నవాళ్లు తర్వాత విలేకరులకు చెప్పారు. ఆమె ఒక్కతే కాదు. ఆ నెల 8 నుంచి 25 దాకా జూబాలో ఇలాంటి లైంగిక దాడులు కనీసం 217 జరిగినట్టు ఐరాస నమోదు చేసింది.

మగవాళ్లు ఎందుకు వెళ్లలేదని ఎవరైనా అడగవచ్చు. వెళ్తే చంపేస్తారని. ఆడవాళ్లయితే ప్రాణాలతో తిరిగి రావచ్చు. ఏ కుటుంబమైనా ఇలా లెక్కలు వేసుకోవాల్సి రావడం ఎంత ఘోరమో, ఆ గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

దక్షిణ సూడాన్ 2011 జులై 9న స్వతంత్ర దేశమైంది. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 2013 డిసెంబరు 15 రాత్రి, అధ్యక్షుడు సల్వా కీర్ వర్గానికీ, పదవి పోయిన ఉపాధ్యక్షుడు రియెక్ మచార్ వర్గానికీ జూబా బ్యారక్‌లలోనే కాల్పులు మొదలయ్యాయి. కీర్ డింకా తెగవాడు, మచార్ నూయెర్ తెగవాడు. తెల్లారేసరికి గొడవ నాయకులను దాటి ఇంటింటికీ వచ్చేసింది. జూబాలో నూయెర్లను వెతికి మరీ చంపారు. గుడెలే ప్రాంతంలో వందల మంది మగవాళ్లను ఒక పోలీసు భవనంలో కుక్కి, కిటికీల్లోంచి కాల్చేశారు.

పారిపోయిన జనం ఐరాస స్థావరాల గేట్ల దగ్గరికి చేరారు. అప్పుడు గేట్లు తెరిచారు. ఇప్పుడు చెప్పుకోవడానికి చిన్న మాటే గానీ, అంతకుముందు ఏ శాంతి దళమూ ఇంత పెద్ద ఎత్తున చేయని పని అది. స్థావరాలు సిబ్బంది కోసం కట్టినవి. తాగునీళ్లు, మరుగుదొడ్లు, డాక్టర్లు అన్నీ కొన్ని వందల మందికి సరిపడా ఉన్నవే. ఒకటి రెండు రోజుల్లో వేలమంది లోపలికి వచ్చేశారు. కొన్ని రోజుల పాటు ఆశ్రయం ఇస్తే చాలనుకున్నారు. ఆ శిబిరాలు ఏళ్ల తరబడి నిలిచాయి. ఒక దశలో దేశమంతటా ఈ శిబిరాల్లో దాదాపు 2 లక్షల మంది బతికారు. అధికార పత్రాల్లో వాటి పేరు పౌర రక్షణ స్థలాలు. లోపలి జనం నోట మాత్రం పొట్టిగా పీఓసీ. చుట్టూ మట్టికట్ట, ముళ్ల తీగ, అక్కడక్కడా కాపలా బురుజులు. లోపల ప్లాస్టిక్ పట్టాల గుడిసెలు, వానొస్తే మోకాలి లోతు బురద. వసతి సంగతి అలా ఉంచితే, 2013 డిసెంబరులో ఆ గేట్లు మూసే ఉంటే ఎంతమంది మిగిలేవారో ఊహించడానికే భయమేస్తుంది.

గేటు తెరవడం ఎంత ప్రమాదమో భారత సైనికులకు బాగా తెలుసు. ఆ ఏడాది డిసెంబరు 19న అకోబో అనే చిన్న పట్నంలో కొద్దిమంది భారత శాంతి సైనికులున్న స్థావరం మీదికి వందల కొద్దీ సాయుధులు వచ్చిపడ్డారు. లోపల ముప్పై మంది దాకా డింకా పౌరులు తలదాచుకున్నారు. వాళ్ల కోసమే ఆ దాడి. ఇద్దరు భారత జవాన్లు ప్రాణాలిచ్చారు. ఆశ్రయం కోరి వచ్చిన వాళ్లలోనూ పలువురు చనిపోయారు.

2015 ఆగస్టులో సంధి కుదిరింది. 2016 ఏప్రిల్‌లో మచార్ జూబాకు తిరిగొచ్చి మళ్లీ ఉపాధ్యక్షుడయ్యాడు. వస్తూ వస్తూ తన సాయుధులనూ వెంట తెచ్చుకున్నాడు. ఒకే నగరంలో రెండు సైన్యాలు! మచార్ బలగం జెబెల్ కొండ దగ్గర, ఐరాస స్థావరం పక్కనే దిగింది. ఇదెక్కడికి దారితీస్తుందో జూబాలో కూరగాయలమ్మే మనిషికి కూడా తెలుసు. జులై 7న గుడెలేలోని ఒక చెక్‌పోస్టు దగ్గర కాల్పులు జరిగాయి. మర్నాడు అధ్యక్ష భవనంలో ఇద్దరు నాయకులూ మాట్లాడుకుంటుండగానే బయట వాళ్ల అంగరక్షకులు ఒకరినొకరు కాల్చుకున్నారు. 9న స్వాతంత్ర్య దినం. దేశానికి అయిదేళ్లు నిండాయి. 10, 11 తేదీల్లో ట్యాంకులు, హెలికాప్టర్లు దిగాయి.

శిబిరం ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయింది. ఎటునుంచి కాల్చినా గుండ్లు గుడిసెల మీదుగానే పోవాలి. ప్లాస్టిక్ పట్టా దేన్ని ఆపుతుంది? పిల్లల్ని చంకనెత్తుకుని వేలమంది ముళ్లకంచె మీదుగానే స్థావరం లోపలి ఆవరణలోకి దూకారు. ఆశ్రయం పొందిన వాళ్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు. చైనా దళం సాయుధ వాహనానికి రాకెట్ గ్రెనేడ్ తగిలి ఇద్దరు శాంతి సైనికులు మరణించారు. శస్త్రచికిత్స వసతి ఉన్నది నగరానికి అటు చివర, టోంపింగ్ స్థావరంలో. గాయపడ్డవాళ్లను అక్కడికి చేర్చడానికి దారే లేకపోయింది. నగరంలో యుద్ధం వస్తే ముందు తెగేది ఆసుపత్రి దారే. ఆ దారి తెరిపించడానికి ముందుగానే ఇరుపక్షాల చేతా మాట తీసుకోకపోతే ఆపరేషన్ థియేటర్ ఎంత గొప్పదైనా గోడ మీద బొమ్మే అవుతుంది.

అదే 11న మరొకటి జరిగింది. స్థావరం నుంచి సుమారు కిలోమీటరు దూరంలో టెరైన్ అనే వసతి సముదాయం ఉంది. విదేశీ సహాయ సిబ్బంది ఎక్కువగా ఉండే చోటు. మధ్యాహ్నం ఎనభై నుంచి వంద మంది ప్రభుత్వ సైనికులు అందులోకి చొరబడ్డారు. కొట్టారు, దోచుకున్నారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. జాన్ గట్లుక్ అనే నూయెర్ పాత్రికేయుణ్ని అందరూ చూస్తుండగా కాల్చి చంపారు. లోపలున్నవాళ్లు స్థావరానికి ఫోన్లు చేశారు, మెసేజీలు పంపారు. సాయం చేయమని బతిమాలారు. సమాచారం అందాల్సిన చోటికి అందింది. కానీ ఒక్క వాహనమూ గేటు దాటలేదు. సాయంత్రానికి కొందరిని విడిపించింది కూడా ప్రభుత్వ భద్రతా విభాగమే.

నెదర్లాండ్స్‌కు చెందిన విశ్రాంత మేజర్ జనరల్ పాట్రిక్ కామెర్ట్ దీనిమీద విచారణ జరిపారు. 2016 నవంబరు 1న బయటికొచ్చిన ఆ నివేదిక సారాంశం చదివితే మనసు చివుక్కుమంటుంది. స్థావరంలో 1,800 మందికి పైగా పదాతి సైనికులున్నారు. చైనా, ఇథియోపియా, నేపాల్, భారత్ దళాలు నాలుగూ అక్కడే ఉన్నాయి. నాలుగూ ఒక్క తాటి మీద నడవలేదు. టెరైన్‌కు వెళ్లమంటే ఎవరికి వారు మా మనుషులకు ఖాళీ లేదన్నారు. దళాధిపతిని తప్పించాలని ఐరాస ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ ఆదేశించారు. ఆ దళాధిపతి కెన్యా జనరల్ కావడంతో కెన్యా నొచ్చుకుని తన సైనికులనే వెనక్కి పిలిపించుకుంది.

ఇది జూబాలో మాత్రమే వచ్చిన జబ్బు అనుకుంటే పొరపాటు. అయిదు నెలల ముందు, ఫిబ్రవరి 17, 18 తేదీల్లో, మలకాల్ పట్నంలోని శిబిరంలో సాయుధులు కంచె కోసి లోపలికొచ్చి గుడిసెలు తగలబెట్టారు. కనీసం 30 మంది చనిపోయారు. భారత్ సహా మూడు దేశాల దళాల కాపలా ఉన్న చోటది. కొందరు తమ పోస్టులు వదిలేశారనీ, కాల్చడానికి రాతపూర్వక అనుమతి కావాలని ఒక దళం కూర్చుందనీ విచారణలో తేలింది. భద్రతామండలి తీర్మానంలో అనుమతి ఏనాడో ఉంది. అసలు చిక్కు ఏమిటో ఐరాస సొంత తనిఖీ విభాగం 2014లోనే చెప్పింది. 2010 నుంచి 2013 దాకా పౌరులపై దాడులు జరిగినట్టు శాంతి దళాలే నివేదించిన సంఘటనలు 507. వెంటనే కదిలింది 101 సార్లే. ప్రతి దళానికీ రెండు ఫోన్లుంటాయి: ఒకటి దళాధిపతిది, రెండోది సొంత దేశ రాజధానిది. మన కుర్రాళ్ల శవాలు పెట్టెల్లో రాకూడదని ఏ రాజధానైనా కోరుకుంటుంది. అందులో తప్పు లేదు. కానీ ఆ భయం గేటు దగ్గర తూగుతున్నంత కాలం కంచె బయట ఆడమనిషి ప్రాణానికి విలువ తగ్గుతూనే ఉంటుంది.

ఆ జులైలోనే భారత వాయుసేన సీ-17 విమానాలు రెండు వచ్చి జూబాలో చిక్కుకున్న భారతీయుల్లో దాదాపు 150 మందిని ఇంటికి తీసుకెళ్లాయి. ‘ఆపరేషన్ సంకట్ మోచన్’ అని దానికి పేరు. పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు విమానమొచ్చింది. శిబిరంలోని పాతిక వేల పైచిలుకు మందికి మాత్రం వెళ్లడానికి వేరే దేశం లేదు.

చిన్న పనులతో నిలబడిన ప్రాణాలూ ఉన్నాయి. 2014 ఏప్రిల్ 17న బోర్ పట్నంలోని శిబిరం మీదికి ఒక గుంపు దాడికొచ్చింది. నాన్‌వయలెంట్ పీస్‌ఫోర్స్ అనే సంస్థ కార్యకర్తలిద్దరు ఒక మట్టి గుడిసెలో ఉన్నారు, అయిదుగురు ఆడవాళ్లు, తొమ్మిది మంది పిల్లలతో. చేతిలో కర్ర కూడా లేదు. దాడి చేసేవాళ్లు తుపాకులతో మూడుసార్లు వచ్చారు. మీరు విదేశీయులు, మీరు పొండి, వీళ్లను మాకొదిలెయ్యండి అన్నారు. మూడుసార్లూ వాళ్లు మెడలోని గుర్తింపు కార్డులు చూపించి, కదిలేది లేదన్నారు. గుంపు వెళ్లిపోయింది. గుడిసెలోని పద్నాలుగు మందీ బతికారు. ఆ రోజు శిబిరంలో మరోచోట నలభై మందికి పైగా చచ్చిపోయారు.

ఇదే సంస్థ ఆడవాళ్లు కట్టెలకు వెళ్లేటప్పుడు వెంట నడవడం మొదలుపెట్టింది. వినడానికి ఇదేం పని అనిపిస్తుంది. వంటచెరుకు ఏ వైపు దొరుకుతుంది, ఏ రోజు, ఏ వేళకు బయల్దేరాలి అని ఆడవాళ్లనే అడిగి తెలుసుకోవాలి. నలుగురైదుగురు కాకుండా గుంపుగా కదలాలి. పక్కన బయటి మనుషులు నడవాలి. చూసేవాడు ఉన్నాడంటే చెయ్యి ఎత్తేవాడు ఆలోచిస్తాడు. జూబా తర్వాత శాంతి సైనికులూ గేటు దాటి గస్తీ తిరగక తప్పలేదు. బురుజు మీద నిలబడి దుర్భిణితో చూస్తే గస్తీ అయిపోదని ఒప్పుకోవడానికి ఆ 217 దాడుల గోడు వినాల్సి వచ్చింది.

టెరైన్ దాడి కేసులో 2018 సెప్టెంబరులో సైనిక న్యాయస్థానం పదిమంది సైనికులకు శిక్షలు వేసింది. బాధితుల్లో విదేశీయులు ఉన్నారు కాబట్టి ఆ మాత్రమైనా కదిలింది. పడమటి గేటు బయట జరిగినవాటికి అలాంటి తీర్పు రాలేదు.

2020లో ఐరాస ఈ శిబిరాల రక్షణ బాధ్యతను ప్రభుత్వానికి అప్పగించడం మొదలుపెట్టింది. జూబా శిబిరం పేరు మారి నిర్వాసితుల శిబిరమైంది. 2025 మార్చిలో నాసిర్ పట్నంలో మళ్లీ పోరు రేగింది. ఆ నెలాఖరుకు మచార్‌ను జూబాలోనే గృహనిర్బంధంలో ఉంచారు. ఆ వార్త విన్న నూయెర్ కుటుంబాలు 2013లో, 2016లో ఏ ప్రభుత్వపు యూనిఫారం చూసి పరుగెత్తాయో, ఇప్పుడు వాళ్ల శిబిరానికి కాపలా కాయాల్సింది ఆ ప్రభుత్వపు పోలీసులే.