పన్నెండు రూపాయల బాకీ

పదో తరగతి కలిసి చదివినవారు ముప్పై నలభై ఏళ్ల తర్వాత ఒకచోట చేరడం ఈమధ్య ఊరూరా చూస్తున్నాం. ఎవరో ఒకరు ఫోన్ నంబర్లు పోగేస్తారు. వాట్సాప్ గ్రూపు పెడతారు. పాత గురువులకు శాలువాలు కప్పి, భోజనాలు చేసి, ఫొటో దిగి సాయంత్రానికి ఎవరిళ్లకు వారు వెళ్లిపోతారు. మా బోధన్ మిత్రులు మాత్రం ఫంక్షన్ హాలు వద్దన్నారు. 1980 జనవరిలో మేం వెళ్లాల్సి ఉండి ఆగిపోయిన నిజాంసాగర్ విహారయాత్రకే ఇప్పుడు వెళ్దామన్నారు. గ్రూపులో ఆ మాట చదవగానే నా చేతులు చల్లబడ్డాయి. ఆ యాత్ర ఎందుకు ఆగిపోయిందో అసలు సంగతి వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

మా చిన్నతనంలో బోధన్ అంటే శక్కర్‌నగర్, శక్కర్‌నగర్ అంటే నిజాం చక్కెర ఫ్యాక్టరీ. 1937లో ఏర్పడిన ఆ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న పేరుండేది. దాని సైరను మోగితే మా ఇళ్లలో గడియారం చూసే పని ఉండేది కాదు. క్రషింగ్ మొదలైతే చాలు, చెరకు బండ్లు రాత్రింబవళ్లు బారులు తీరేవి. ఊరంతా మడ్డి వాసన. కదిలే బండి వెనక నుంచి చెరకు గడ లాగడం మేమందరం నేర్చిన మొదటి దొంగతనం. దాన్నెవరూ దొంగతనం అనేవారు కాదనుకోండి! మా నాన్నగారు గుమాస్తా. మా తరగతిలో ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు, మరాఠీవాళ్లు, కోస్తా నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన రైతుల పిల్లలు, చెరకు కూలీల పిల్లలు అందరం కలిసే కూర్చునేవాళ్లం. కలిసి కూర్చున్నంత మాత్రాన అందరి మాటకూ ఒకే విలువ ఉండేది కాదని అప్పట్లో నాకు తెలియదు.

తరగతి లీడరును నేనే. మనిషికి ఐదు రూపాయల చొప్పున ముప్పై ఎనిమిది మంది దగ్గర వసూలు చేసిన 190 రూపాయలు రేకు డబ్బాలో పెట్టి, తాళం సరిగా పడని గది బీరువాలో ఉంచాం. సంక్రాంతికి నిజామాబాద్ నుంచి మా బంధువుల పిల్లలు వచ్చారు. వాళ్ల ముందు గొప్పకు పోయి, సినిమాకూ మిర్చి బజ్జీలకూ అందులోంచి పన్నెండు రూపాయలు తీశాను. మళ్లీ పెట్టేద్దామనే అనుకున్నాను. ఈలోగా సారు లెక్క చూశారు.

మధ్యాహ్నం గంట కొట్టగానే మేమంతా టిఫిన్ డబ్బాలతో చెట్టు కిందికి వెళ్లేవాళ్లం. ఒక్కడు మాత్రం గదిలోనే ఉండిపోయేవాడు. డబ్బాలో పెట్టి పంపడానికి వాళ్లింట్లో ఏమీ ఉండేది కాదు. తండ్రి చెరకు లోడెత్తే కూలీ. లెక్కల్లో మాత్రం వాడు నాకంటే ముందుండేవాడు. ‘మధ్యాహ్నం గదిలో ఎవరుంటారు?’ అని సారు అడగ్గానే అందరి చూపులూ అతని మీదికే వెళ్లాయి. లీడరును గనుక నన్ను విడిగా నిలబెట్టి అడిగారు. ‘నాకు తెలియదు సార్’ అన్నాను.

మర్నాడు ప్రార్థన వేళ అందరి ముందు అతణ్ణి బెత్తంతో కొట్టారు. బండ్ల వరుసలో ఉన్న తండ్రిని పిలిపించారు. ఆయన తలకు చుట్టిన తువ్వాలు తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు, ఒక్క మాటా మాట్లాడలేదు. యాత్ర రద్దయింది. ఆ తర్వాత అతను బడికి రాలేదు, పబ్లిక్ పరీక్షకు కూర్చోలేదు. ఏ బడి, ఏ సారు అన్నది ఇక్కడ అనవసరం. తప్పు నాది.

తర్వాత నేను చదువుకున్నాను, నిజామాబాద్‌లో ఉద్యోగం చేశాను, సంఘంలో బాప్తిస్మం పొందాను. పదేళ్లపాటు సంఘ ఖజాంచిగా కూడా ఉన్నాను. కానుకల సంచి లెక్కపెట్టిన ప్రతి ఆదివారం ఆ రేకు డబ్బా గుర్తొచ్చేది. దేవుని ముందు ఎన్నిసార్లు ఒప్పుకున్నానో లెక్కలేదు. ఏభై ఒకటో కీర్తన నాకు కంఠతా వచ్చు. తాను దేవునికే విరోధంగా పాపం చేశానని దావీదు అన్న మాటను ఆసరా చేసుకుని, దేవుడు క్షమించాడు గదా, ఇక మనిషితో పనేమిటని సరిపెట్టుకున్నాను. ఒక సంగతి మాత్రం కావాలనే మరచిపోయాను. దావీదు ఆ ప్రార్థన చేసేనాటికి ఊరియా బతికి లేడు. వెళ్లి కాళ్లు పట్టుకుందామన్నా మనిషి లేడు. నా స్నేహితుడు బతికే ఉన్నాడు. నేనే వెతకలేదు.

మన కూడికల్లో సాక్ష్యాలు వింటుంటాం. దేవుడు నాకేం చేశాడో చెప్పమంటే గంటసేపు చెప్పగలం. నేను పక్కవాడికేం చేశానో చెప్పమంటే మాత్రం మనకు గొంతు పెగలదు.

అతణ్ణి వెతికి పట్టింది బోధన్‌లో బట్టల దుకాణం నడిపే మా ముస్లిం మిత్రుడు. ‘దొరికిండు! బాన్సువాడ దగ్గర ఊళ్లె ఉంటుండు’ అని గ్రూపులో పెట్టాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2024 నవంబరులో ఒక శనివారం నిజామాబాద్‌లో ఎనిమిది మందిమి మినీ బస్సు ఎక్కాం. బోధన్‌లో మిగతావాళ్లు కలిశారు. జడలు లాగి ఏడిపించిన ఆడపిల్లలు ఇప్పుడు అమ్మమ్మలు. మగవాళ్లలో సగం మంది జేబుల్లో బీపీ మాత్రలు. శక్కర్‌నగర్ దగ్గర బస్సు ఆపమని ఎవరూ చెప్పకుండానే డ్రైవరు ఆపాడు. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. గేటు ముందు నిలబడితే సైరను లేదు, మడ్డి వాసన లేదు. ఎప్పుడూ నోరు మూయని మావాళ్లు అక్కడ ఐదు నిమిషాలు మాట్లాడలేదు.

రుద్రూర్ దాటి బాన్సువాడ చేరేసరికి అతను రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. పక్కన మూత పెట్టిన పెద్ద గిన్నెలు రెండు. ఒకదాంట్లో బగారా అన్నం, ఇంకోదాంట్లో చేపల పులుసు. పంతొమ్మిది మందికి సరిపడా తెల్లవారుజామునే లేచి వండించాడట. గిన్నెలు బస్సులోకి ఎక్కిస్తూ, ‘ఈసారి డబ్బా నేనే తెచ్చిన’ అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ మాటకు అర్థం ఎంతమందికి తట్టిందో తెలియదు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

నిజాంసాగర్ మా జిల్లా పొలాలకు తల్లిలాంటిది. మంజీర నది మీద 1923లో పని మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువల నీళ్లు పారాకే ఇక్కడ చెరకు పండింది. చెరకు పండాకే ఫ్యాక్టరీ వచ్చింది. మా నాన్నగారి జీతమూ, వాళ్ల నాన్న కూలీ ఆ నీళ్ల చలవే. నలభై నాలుగేళ్లు ఆలస్యంగా ఆ కట్ట మీద నడిచాం. మధ్యాహ్నం చెట్ల కింద కూర్చున్నాం. అతనే అందరికీ వడ్డించాడు. నా పళ్లెంలో తల ముక్క వేసి, ‘నీకిష్టం గదా’ అని పక్కనే కూర్చున్నాడు. ముద్ద గొంతు దిగలేదు.

యోహాను సువార్త 21వ అధ్యాయం మనందరికీ తెలిసిందే. పాత స్నేహితులు ఏడుగురు తిబెరియ సముద్రం మీద రాత్రంతా వల వేసి వట్టి చేతులతో వస్తారు. ఒడ్డున నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధంగా ఉంటాయి. యోహాను తన సువార్తలో బొగ్గుల నిప్పు గురించి రెండే రెండు చోట్ల చెప్పాడు. ఒకటి ప్రధాన యాజకుని ఇంటి ముంగిట. అక్కడ చలి కాచుకుంటూనే పేతురు ఆయన్ను ఎరుగనన్నాడు. రెండోది ఈ ఒడ్డున. ఎన్నో ప్రసంగాల్లో ఈ పోలిక విన్నాను. కానీ ఆ మధ్యాహ్నం దాకా నాకు తట్టనిది ఒకటుంది. ఆ నిప్పు వెలిగించి వంట చేసింది ఎవరు? తప్పు చేసినవాడు కాదు, ఆ తప్పు వల్ల దెబ్బ తిన్నవాడు. పేతురు నోరు తెరిచి క్షమించమని అడగకముందే ఆయన వడ్డించాడు. ప్రశ్నలు భోజనమయ్యాకే. మనమైతే ముందు లెక్క తేలాలంటాం, తర్వాతే పంక్తిలో కూర్చోనిస్తాం.

మాటలు పేర్చుకోకుండానే చెప్పేశాను. ‘ఆ పన్నెండు రూపాయలు నేనే తీసిన్రా’ అన్నాను.

అతను ముల్లు తీసి ఆకు పక్కన పెట్టాడు. ‘నాకెర్కే’ అన్నాడు.

‘ఎప్పటి నుంచి?’

‘అప్పటి సందే. సారు అడిగినప్పుడు అందరు నా దిక్కు చూసిండ్రు. నువ్వొక్కనివే చూడలే.’

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాకగానీ తెలియలేదు. ‘చెప్తే ఎవలు నమ్ముతర్రా?’ అన్నాడు మెల్లగా. ఇటుక బట్టీల్లో చేసి, తర్వాత గల్ఫ్ వెళ్లాడట. 2010లో పాస్‌పోర్టు మార్పించుకునేటప్పుడు పదో తరగతి సర్టిఫికెట్ ఉందా అని అడిగారట. ఉంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు ముద్ర పడదట, ఆ తిప్పలు ఉండవట. ‘అప్పుడు మాత్రం నువ్వు యాదికొచ్చినవ్’ అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

కాసేపాగి అన్నాడు. ‘గవన్ని పోనీ. మా నాయిన గూడ నమ్మలే. 1998ల చచ్చిపోయిండు. గప్పటిదాక నేను ఇంట్ల ఉంటె పైసల సంచి నా ముందట పెట్టేటోడు కాదు. గదొక్కటే.’

ధర్మశాస్త్రంలో ఒక లెక్క ఉంది. పొరుగువాడికి నష్టం చేసినవాడు తన తప్పు ఒప్పుకుని, ఆ సొమ్ముకు ఐదో వంతు కలిపి, ఎవరికి నష్టం చేశాడో ఆ మనిషికే చెల్లించాలి (సంఖ్యాకాండము 5:7). ఖజాంచి బుర్ర కదా, ఎన్నో ఏళ్ల క్రితమే లెక్కేశాను. పన్నెండు రూపాయలకు ఐదో వంతు రెండు రూపాయల నలభై పైసలు. మొత్తం పద్నాలుగు రూపాయల నలభై పైసలు. ఆ రోజు జేబులో ఐదు వేలు పెట్టుకుని వచ్చాను. తీయడానికి చెయ్యి రాలేదు. ఒక తండ్రి పైసల సంచి దాచుకున్న పద్దెనిమిదేళ్లకు ఐదో వంతు ఎంతో ఏ ఖజాంచీ చెప్పలేడు.

క్షమించానన్న మాట అతను అనలేదు. నేనూ అడగలేదు. ‘ముందు తిను, సల్లగైతది’ అన్నాడు. చేతులు కడుక్కునేటప్పుడు మాత్రం, ‘మా అవ్వ ఉన్నది. ఆమెకు చెప్పు’ అన్నాడు.

ఎల్లారెడ్డి మీదుగా మెదక్ చేరేసరికి నాలుగు దాటింది. ఇంకో నెలలో ఆ కేథడ్రల్‌కు నూరేళ్లు నిండబోతున్నాయి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆలయం. గోపురం ఎత్తు 175 అడుగులు. రంగు అద్దాల కిటికీలు మూడు. ప్రభువు జననం, సిలువ, ఆరోహణం. వెలుతురుండగానే చూడాలి, పొద్దు గూకితే బొమ్మలు కనపడవు. నిజం చెప్పాలంటే నా పథకమంతా ఇక్కడిదే. బలిపీఠం ముందు మోకరించి, కన్నీళ్లతో ఒప్పుకుని, తేలికపడి ఇంటికి వెళ్దామనుకున్నాను, స్నేహితుడికి ఏమీ చెప్పకుండానే. మత్తయి 5:23, 24లో ప్రభువు చెప్పిన వరుస అది కాదు. సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని బలిపీఠం దగ్గర గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు అతని దగ్గరికి వెళ్లమన్నాడు. చేపల పులుసు నా పథకాన్ని తలకిందులు చేసి, ప్రభువు చెప్పిన వరుసలో పెట్టింది.

అతను క్రైస్తవుడు కాదు. వెనక బల్ల మీద కూర్చుని పైకి చూస్తున్నాడు. కరువు కాలంలో ఆకలితో ఉన్న జనానికి పని కల్పించి, తిండి పెట్టి పాస్నెట్ దొర ఈ గుడి కట్టించాడని చెప్పాను. ‘అయితె కూలోళ్ల గుడే’ అన్నాడు. ఆ ఆలయం గురించి ఎన్నో వ్యాసాలు చదివాను. అంత పొట్టిగా, అంత సరిగ్గా ఎవరూ రాయలేదు.

తిరుగు ప్రయాణం కామారెడ్డి మీదుగా. బాన్సువాడ వెళ్లడానికి అతను కామారెడ్డిలో దిగిపోయాడు. చీకట్లో డిచ్‌పల్లి దాటుతుంటే కెర్ దంపతులు 1915లో స్థాపించిన కుష్ఠు ఆసుపత్రి గుర్తొచ్చింది. రోగం నయమయ్యాక కూడా ఇంటివాళ్లు రానివ్వక ఆసుపత్రుల పక్కనే ఉండిపోయినవాళ్లు మన దేశంలో ఎందరో. రోగమే లేనివాడికి నేను మచ్చ పెట్టాను.

పది రోజుల తర్వాత వాళ్ల ఊరు వెళ్లాను. అవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటాయి. అతను నన్ను చూపించి, ‘నాతోటి చదువుకున్నడు’ అన్నాడు. ఆమె చేయి పట్టుకుని, దారంతా సిద్ధం చేసుకున్న నాలుగు మాటలు మెల్లగా చెప్పాను.

‘గట్టిగ చెప్పు బిడ్డా, ఇనొస్తలేదు’ అంది.

ఇంకోసారి చెప్పాను. చెవి దగ్గరికి వంగి అతను, ‘ఇంకింత గట్టిగ’ అన్నాడు. అరిచి చెప్పాను. పైసలు నేను తీశాననీ, నీ కొడుకు దొంగ కాదనీ. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు ఇటు తిరిగారు. బోరింగు దగ్గర బిందె పెట్టిన అమ్మాయి కొట్టడం ఆపేసింది.

అవ్వ చాలాసేపు నా ముఖంలోకి చూసింది. ‘ఎంత?’ అంది.

‘పన్నెండు రూపాయలవ్వా.’

‘పన్నెండు’ అని, నా చేయి వదలకుండానే, లోపల గోడకు తగిలించిన ఫొటో వైపు తిరిగింది. తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి ఫొటో. ‘ఇన్నవా?’ అంది దానితో.