రేడియాలజీ స్నాతకోత్తర శిక్షణ (ఉత్తర తెలంగాణ)

రేడియాలజీ స్నాతకోత్తర శిక్షణ అనగా ఎం.బి.బి.యస్. పూర్తి చేసిన వైద్యులకు ఎక్స్-రే, అల్ట్రాసౌండ్, సీటీ, ఎం.ఆర్.ఐ. మొదలగు చిత్రణ పద్ధతుల ద్వారా రోగనిర్ధారణ చేయుటలో ఇచ్చే ప్రత్యేక విద్య. మన దేశంలో దీని ప్రధాన పట్టా ఎం.డి. (రేడియో డయాగ్నసిస్). ఒకప్పుడు రేడియాలజీ అనే ఒకే పేరు క్రింద రోగనిర్ధారణ, కిరణ చికిత్స రెండూ ఉండేవి. తరువాత అవి విడిపోయినవి. కాన్సర్‌కు కిరణాలతో చికిత్స చేయు శాస్త్రాన్ని ఇప్పుడు రేడియేషన్ ఆంకాలజీ అంటారు; ఈ వ్యాసం దానికి సంబంధించినది కాదు.

ఉత్తర తెలంగాణలో, ముఖ్యంగా మంచిర్యాల జిల్లాలోని నస్పూర్ వంటి బొగ్గుగని పట్టణాలలో, ఈ శిక్షణకు ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉన్నది. గని కార్మికుని ఛాతీ ఎక్స్-రేను ఎవరు చదివారు, ఎంత శిక్షణతో చదివారు అన్న దానిపై అతని ఉద్యోగం, నష్టపరిహారం, కొన్నిసార్లు ప్రాణం కూడా ఆధారపడి ఉంటాయి.

నేపథ్యం

1895 నవంబరు 8న జర్మనీలో రాంట్జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. కొద్ది సంవత్సరాలలోనే అవి భారతదేశంలోని పెద్ద ఆసుపత్రులకు చేరాయి. దక్షిణ భారతంలో ఈ విద్యకు తొలి పెద్ద కేంద్రం మద్రాసు. అక్కడి జనరల్ ఆసుపత్రిలో 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ ఏర్పడినది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండుటచే అక్కడి వైద్యులకు మద్రాసే దారి. కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు నిజాం రాజ్యంలోనివి కనుక ఇక్కడి వారికి హైదరాబాదు తప్ప మరో దిక్కు లేదు. 1846లో మొదలైన హైదరాబాదు వైద్య పాఠశాల కాలక్రమంలో ఉస్మానియా వైద్య కళాశాలగా మారినది. 1954లో గాంధీ వైద్య కళాశాల, 1959లో వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల వచ్చాయి. చాలాకాలం ఉత్తర తెలంగాణకు ప్రభుత్వ రంగంలో దగ్గరి బోధనాసుపత్రి వరంగల్లు లోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రే. మంచిర్యాల నుండి రోగులు కాజీపేట రైలెక్కి అక్కడికి వెళ్ళుట ఈ ప్రాంతంలో పాత తరం వారందరికీ తెలిసిన విషయమే.

ఆ తరువాత మార్పు మెల్లగా వచ్చినది. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో కరీంనగర్ దగ్గర ప్రతిమ, చల్మెడ ఆనందరావు ప్రైవేటు వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. 2008లో ఆదిలాబాదులో రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ (రిమ్స్) ఏర్పడినది. అయితే అప్పటి ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో తూర్పు కొసన ఉన్న మంచిర్యాల, నస్పూర్ ప్రజలకు జిల్లా కేంద్రం నూరు కిలోమీటర్లకు పైగా దూరం. 2016 అక్టోబరు 11న మంచిర్యాల ప్రత్యేక జిల్లా అయినది. 2022 నవంబరు 15న రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభమైన 8 ప్రభుత్వ వైద్య కళాశాలలలో మంచిర్యాల, రామగుండం, జగిత్యాల ఉన్నాయి. 2023 సెప్టెంబరు 15న ప్రారంభమైన 9 కళాశాలలలో కరీంనగర్, ఆసిఫాబాద్, నిర్మల్, సిరిసిల్ల ఉన్నాయి. అనగా ఒక్క సంవత్సర కాలంలో గోదావరికి రెండు వైపులా బోధనాసుపత్రుల వరుస ఒకటి ఏర్పడినది.

కళాశాల ఏర్పడుట వేరు, అందులో స్నాతకోత్తర శిక్షణ నడుచుట వేరు. ఈ తేడాను సాధారణంగా వార్తలలో చెప్పరు. 2022లో చేరిన ఎం.బి.బి.యస్. విద్యార్ధులు నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్ ముగించేసరికి 2028 వస్తుంది. వారిలో ఎవరైనా రేడియాలజీ ఎంచుకుంటే మరో మూడేళ్ళు పడుతుంది.

శిక్షణ స్వరూపం

ఎం.డి. రేడియో డయాగ్నసిస్ మూడు సంవత్సరాల కోర్సు. ప్రవేశం నీట్-పీజీ పరీక్ష ద్వారా జరుగుతుంది. ప్రభుత్వ కళాశాలలలో సగం సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి. తెలంగాణ కళాశాలలు 2014లో ఏర్పడిన, వరంగల్లు కేంద్రంగా గల కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. అంతకు ముందు అవి విజయవాడ లోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం (1986) క్రింద ఉండేవి. దేశమంతటా ఈ శాఖకు పోటీ చాలా ఎక్కువ. నీట్-పీజీలో మొదటి ర్యాంకులు పొందినవారిలో అనేకులు దీనినే ఎంచుకుంటున్నారు.

కళాశాలలతో సంబంధం లేని మరో మార్గం డి.ఎన్.బి. దీనిని నిర్వహించే జాతీయ పరీక్షల బోర్డు 1975లో ఏర్పడి 1982లో స్వతంత్ర సంస్థ అయినది. తగిన వసతులున్న ఆసుపత్రి ఏదైనా, అది వైద్య కళాశాల కాకపోయినా, ఈ బోర్డు గుర్తింపుతో విద్యార్ధులను తీసుకోవచ్చును. 2020లో ఇదే బోర్డు 8 విషయాలలో రెండేళ్ళ డిప్లొమాలను ప్రవేశపెట్టినది. వాటిలో రేడియో డయాగ్నసిస్ కూడా ఒకటి. జిల్లా ఆసుపత్రులలోనే నిపుణులను తయారుచేయుట దీని ఉద్దేశం.

మొదటి సంవత్సరంలో విద్యార్ధి కిరణ భౌతికశాస్త్రం నేర్చుకుంటాడు. ఎక్స్-కిరణం ఎలా పుడుతుంది, ఎముకలో ఎంత ఆగుతుంది, ఊపిరితిత్తిలో ఎంత దాటుతుంది, ఫిల్ము నల్లబడుటకు కారణమేమి అన్నవి తెలియకుండా చిత్రాన్ని చదవలేరు. చాలామంది విద్యార్ధులు ఈ భాగాన్ని భారంగా తలుస్తారు. కానీ తరువాత ఏది నిజమైన మచ్చ, ఏది యంత్రం వలన కలిగిన భ్రమ అని తేల్చవలసి వచ్చినప్పుడు ఉపయోగపడేది ఇదే. ఆపైన ఛాతీ, ఉదరం, మూత్ర వ్యవస్థ, ఎముకలు, నాడీ మండలం, రొమ్ము చిత్రణ, అత్యవసర విభాగం, రక్తనాళాల ద్వారా చేసే చికిత్సా ప్రక్రియలు, ఇలా వంతుల వారీగా పని చేస్తారు. పరిశోధనా వ్యాసం సమర్పించాలి. చేసిన పరీక్షలన్నింటినీ లాగ్‌బుక్కులో నమోదు చేయాలి.

అయితే ఈ విద్య అసలు జరిగేది తరగతి గదిలో కాదు. విద్యార్ధి ముందుగా చిత్రాన్ని చూసి తన నివేదిక వ్రాస్తాడు. తరువాత ఆచార్యుడు అదే చిత్రాన్ని చూసి దిద్దుతాడు. కొన్ని రోజుల తరువాత శస్త్రచికిత్సలో గాని, కణజాల పరీక్షలో గాని అసలు విషయం తేలుతుంది. ఈ మూడవ మెట్టును వదిలిపెడితే విద్యార్ధి తన తప్పును ఎన్నటికీ తెలుసుకోలేడు. వేల సంఖ్యలో చిత్రాలు ఈ విధంగా కంటి ముందు నుండి పోయిన తరువాత గాని చూపు కుదరదు. అందువలననే యంత్రం కొన్నంత తేలికగా శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పలేము. దిద్దే గురువులు తగినంతమంది లేనిచో సీట్లకు అనుమతి రాదు. సీట్లు లేనిచో రేపటి గురువులు తయారు కారు. కొత్త జిల్లా కళాశాలలకు ఇదే పెద్ద చిక్కు.

ఆసుపత్రుల మధ్య తిరుగుట

ఒక్క ఆసుపత్రిలో అన్ని రకాల రోగాలూ రావు. హైదరాబాదు లోని నిమ్స్ వంటి సంస్థలో మెదడు, గుండె రక్తనాళాల కేసులు విరివిగా ఉంటాయి. ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో కంతులు, ఆదిలాబాదు రిమ్స్‌లో క్షయ, ప్రసూతి కేసులు, గోదావరిఖని, రామకృష్ణాపూర్‌లలోని సింగరేణి ఆసుపత్రులలో గని ప్రమాదాలు, దుమ్ము వలన కలిగే ఊపిరితిత్తుల వ్యాధులు సహజంగానే కనిపిస్తాయి. కనుక శిక్షణార్ధిని ఆసుపత్రుల మధ్య త్రిప్పుట మేలన్నది అన్ని దేశాల అనుభవం. ఇంగ్లండులో రేడియాలజీ శిక్షణ ఐదు సంవత్సరాలు. ఒక ప్రాంతంలోని పెద్ద ఆసుపత్రులను, జిల్లా ఆసుపత్రులను కలిపి ఒక శిక్షణ పథకంగా నడుపుతారు. 2005లో అక్కడ లీడ్స్-బ్రాడ్‌ఫర్డ్, నార్విచ్, ప్లిమత్‌లలో రేడియాలజీ అకాడమీలను కూడా ఏర్పరచారు. గురువుల కొరత ఉన్నప్పుడు ఎక్కువమందికి ఒకేచోట ప్రాథమిక శిక్షణ ఇచ్చి ఆసుపత్రులకు పంపుట వాటి లక్ష్యం.

మన దేశంలో ఇటువంటి ఏర్పాటు జాతీయ స్థాయిలో 2020 సెప్టెంబరులో వచ్చినది. జిల్లా రెసిడెన్సీ పథకం ప్రకారం ప్రతి ఎం.డి., ఎం.ఎస్. విద్యార్ధి 3, 4, 5 సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. 2021లో చేరిన విద్యార్ధుల నుండి ఇది వర్తించినది. రేడియాలజీ విద్యార్ధులకు దీనిలో ఒక ఇబ్బంది, ఒక లాభం ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలో దిద్దే ఆచార్యుడు ప్రక్కన ఉండకపోవచ్చును. కానీ పెద్ద ఆసుపత్రిలో పదిమంది తరువాత తన వంతు కోసం ఎదురుచూసే విద్యార్ధికి ఇక్కడ రాత్రిపూట వచ్చిన కడుపునొప్పి రోగికి స్వయంగా అల్ట్రాసౌండ్ చేసే అవకాశం దొరుకుతుంది.

చిత్రాలు కంప్యూటర్లలో నిల్వ అగుట మొదలైన తరువాత శిక్షణార్ధిని మాత్రమే కాక చిత్రాన్ని కూడా త్రిప్పవచ్చునని తేలినది. అన్ని యంత్రాలకూ ఒకే రకమైన దస్త్రాల పద్ధతి 1993 నుండి డైకామ్ అన్న పేరుతో వాడుకలో ఉన్నది. ఒక ఊళ్ళో తీసిన సీటీని మరొక ఊళ్ళో చదువుట ఇప్పుడు మామూలే. బోధనకు కూడా దీనిని వాడుకోవచ్చును, అయితే రోగిని చూడకుండా, అతని పని ఏమిటో అడగకుండా చదివిన చిత్రం సగం చదివినట్లే. దీనికి నస్పూరే మంచి ఉదాహరణ.

గని కార్మికుల ఎక్స్-రే

నస్పూర్ సింగరేణి సంస్థ శ్రీరాంపూర్ ప్రాంతంలో ఉన్నది. ఇక్కడి జనాభాలో పెద్ద భాగం గని కార్మికుల కుటుంబాలు. బొగ్గు దుమ్మును సంవత్సరాల తరబడి పీల్చిన వారికి ఊపిరితిత్తులలో చిన్న చిన్న మచ్చలు ఏర్పడతాయి. దీనిని బొగ్గు కార్మికుల న్యూమోకోనియోసిస్ అంటారు. రాతి పొరలను తొలిచేవారికి ఇసుక ధూళి వలన సిలికోసిస్ వస్తుంది. రెండింటికీ పూర్తిగా నయం చేసే మందు లేదు. తొలిదశలో గుర్తించి దుమ్ము లేని పనికి మార్చుటయే మార్గం. 1952 నాటి గనుల చట్టం ఈ వ్యాధిని అధికారులకు తెలియజేయవలసిన వ్యాధిగా పరిగణించినది. దాని క్రింద వచ్చిన 1955 నియమాల ప్రకారం కార్మికులకు చేరేటప్పుడు, తరువాత నిర్ణీత కాలాలలో వైద్య పరీక్షలు, ఛాతీ ఎక్స్-రే జరిగేవి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ చట్టం స్థానాన్ని తీసుకున్నది.

ఈ ఎక్స్-రేలను చదువుటకు అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐ.ఎల్.ఓ.) ఒక వర్గీకరణ రూపొందించినది. గుండ్రని చిన్న మచ్చలు ఒకటిన్నర మిల్లీమీటరు వరకు ఉంటే పి, మూడు వరకు క్యూ, పది వరకు ఆర్ అని గుర్తిస్తారు. క్రమరహితమైన వాటికి ఎస్, టి, యు. మచ్చలు ఎంత దట్టంగా ఉన్నాయో 0/- నుండి 3/+ వరకు 12 మెట్లలో చెప్పాలి. పది మిల్లీమీటర్లకు మించిన పెద్ద మచ్చలను ఎ, బి, సి అని విభజిస్తారు. చదివే వైద్యుడు జ్ఞాపకం మీద ఆధారపడరాదు. ప్రామాణిక చిత్రాలను ప్రక్కన ఉంచుకొని పోల్చి చూడాలి. 2011లో డిజిటల్ చిత్రాలకు కూడా ఈ పద్ధతిని వర్తింపజేశారు.

12 మెట్లలో 0/1, 1/0 అన్నవి ప్రక్కప్రక్కనే ఉంటాయి. మొదటిదానికి అర్ధం, మచ్చలు లేవనే తేల్చినా ఉన్నాయేమోనని ఆలోచించారని. రెండవదానికి అర్ధం, ఉన్నాయని తేల్చినా లేవేమోనని ఆలోచించారని. కార్మికునికి మాత్రం ఈ రెంటి నడుమ చాలా దూరం ఉన్నది. ఒకటి అతనిని అదే పనిలోకి తిరిగి పంపవచ్చును, మరొకటి వ్యాధిగ్రస్తునిగా నమోదు చేయవచ్చును. ఒకే చిత్రాన్ని ఇద్దరు నిపుణులు వేరువేరుగా చదువుట, ఒకే నిపుణుడు రెండుసార్లు రెండు విధాలుగా చదువుట కూడా జరుగుతుందని అందరికీ తెలిసినదే. అందుకే అమెరికాలో ఈ చిత్రాలు చదివేవారికి బి రీడర్ అన్న ప్రత్యేక పరీక్ష ఉన్నది. అది ఒక్కసారితో ముగియదు, కొన్ని సంవత్సరాల కొకసారి మళ్ళీ ఉత్తీర్ణులు కావాలి.

మరొక చిక్కు క్షయ. క్షయ, సిలికోసిస్ రెండూ ఊపిరితిత్తుల పైభాగాన మచ్చలు చేస్తాయి. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం కూడా ఎక్కువ. క్షయ అధికంగా ఉన్న మన ప్రాంతంలో ఎక్స్-రేలో మచ్చ కనబడగానే క్షయ మందులు మొదలుపెట్టుట సులభం. కార్మికుడు ఆరు నెలలు మందులు మింగి మళ్ళీ అదే దుమ్ములోకి దిగుతాడు. పాత ఎక్స్-రేలను వరుసగా పెట్టి పోల్చుట, కఫ పరీక్ష కోరుట, ఏ గనిలో ఏ పని ఎన్నేళ్ళు చేశాడో అడుగుట, ఇవి శిక్షణలో అలవడవలసిన పద్ధతులు. రాష్ట్ర రాజధానిలోనే మూడేళ్ళు గడిపిన విద్యార్ధికి ఇటువంటి కేసులు అరుదుగా తగులుతాయి. మంచిర్యాల, రామగుండం బోధనాసుపత్రులకు అవి ఇంటి ముంగిట ఉన్నాయి.

చట్టపరమైన బాధ్యతలు

కిరణాల వినియోగాన్ని 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తుంది. విభాగంలో పనిచేసే ప్రతివారు, విద్యార్ధులతో సహా, కిరణ మోతాదును కొలిచే బ్యాడ్జీ ధరించాలి. ఐదేళ్ళ సగటున సంవత్సరానికి 20, ఏ ఒక్క సంవత్సరంలోనూ 30 మిల్లీసీవర్టులను మించరాదు.

అల్ట్రాసౌండ్‌లో కిరణ ప్రమాదం లేదు గాని చట్టం మరింత కఠినం. గర్భస్థ శిశువు లింగాన్ని తెలుపుట 1994 నాటి చట్టం ప్రకారం నేరం. 2003 సవరణతో నియమాలు బిగించారు. రేడియాలజీ పట్టా లేని ఎం.బి.బి.యస్. వైద్యులు అల్ట్రాసౌండ్ చేయాలంటే ఆరు నెలల శిక్షణ పొందాలని 2014 నియమాలు చెబుతున్నాయి. గర్భిణికి చేసిన ప్రతి పరీక్షకు ఫారం-ఎఫ్ నింపుట విద్యార్ధి మొదటి నెలలోనే నేర్చుకుంటాడు.

పట్టా తరువాత

ఎం.డి. ముగిసినవారు సీనియర్ రెసిడెంటుగా ఒక సంవత్సరం పనిచేసిన తరువాత సహాయ ఆచార్యులు కావచ్చును. నాడీ చిత్రణ, ఇంటర్వెన్షనల్ రేడియాలజీలలో డి.ఎం. చదువులు దేశంలోని కొన్ని సంస్థలలో ఉన్నాయి. స్కానింగ్ కేంద్రాలలో ఆదాయం ప్రభుత్వ జీతం కంటే ఎక్కువ కావడం, నగరంలో పిల్లల చదువులు, జీవిత భాగస్వామి ఉద్యోగం వంటి కారణాల వలన పలువురు హైదరాబాదు వైపే మొగ్గుతారు. ఈ ప్రాంతంలోనే శిక్షణ పొంది, ఇక్కడి రోగాలను, భాషను, మనుషులను ఎరిగినవారు ఇక్కడ నిలిచే అవకాశం కొంత ఎక్కువని ఆశించవచ్చును.