గాలికి పట్టు దొరకని చుట్టిల్లు

విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం తీర గ్రామాల్లో పాత చుట్టిళ్లు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. గుండ్రటి మట్టిగోడ, పైన గోపురంలా తాటాకు కప్పు, నడుము వంచితే గానీ లోపలికి వెళ్లలేనంత కిందికి దిగిన చూరు. చూసేవాళ్లకి పేదల గుడిసెలా ఉంటుంది గానీ, ఆ నేలనీ ఆ గాలినీ బాగా ఎరిగినవాళ్లు కట్టిన ఇల్లది.

తుఫాను గాలి ఒకే దిక్కు నుంచి రాదు. తుఫాను కన్ను మీదుగా పోయేటప్పుడు కాసేపు అంతా నిమ్మళిస్తుంది. హమ్మయ్య అనుకునేలోగా ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నాడు విశాఖ జనం చూసింది ఇదే. నలుచదరపు ఇంటికైతే ఏదో ఒక గోడ గాలికి అడ్డంగా దొరుకుతుంది. చుట్టింటికి ముందూ వెనకా ఒకటే. గాలి పక్కలకి జారిపోతుంది. చూరు కింద సందు తక్కువ కాబట్టి కప్పుని ఎత్తి పారేసే వీలూ తక్కువే.

సామాను కూడా చుట్టుపక్కలదే. గట్ల మీది తాళ్లు ఆకూ ఇస్తాయి, దూలమూ ఇస్తాయి. లోపలి గది మీద కర్రలు పరిచి మట్టి మెత్తి అటక కడతారు. కప్పు అంటుకున్నా గింజలు దక్కుతాయని ఆ ఏర్పాటు.

అలాగని అందరూ మళ్లీ చుట్టిళ్లే వేసుకోమనడం లేదు. నిప్పు భయం ఉండనే ఉంది. రెండు మూడేళ్లకోసారి కప్పు నేయాలి, నేసే పనివాళ్లు దొరకడం లేదు. ఉప్పెన వచ్చే పల్లంలో అసలే పనికిరాదు. 1977 నవంబరు 19న దివిసీమలో ఎక్కువ ప్రాణాలు తీసింది గాలి కాదు, నీరు.

అయితే పొలం దగ్గర చిన్న రేకుల ఇల్లు వేసుకునే రైతులు దీన్నుంచి తీసుకోదగ్గ సంగతులున్నాయి. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలులది నయం. వాలు 22 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. చూరు గోడ దాటి అడుగున్నరకి మించరాదు. చూరు వెంబడి, నడికప్పు వెంబడి హుక్కులు దగ్గర దగ్గరగా బిగించాలి. గాలి ముందు పట్టేది అక్కడే. వసారా కావాలంటే దాని కప్పు విడిగా వేయాలి. అది లేచిపోయినా ఇంటి కప్పు మిగులుతుంది. సముద్రం వైపు సరుగుడు వరసలు పెంచుకోవచ్చు. కొబ్బరి చెట్టు మాత్రం పడినా ఇంటికి తగలనంత దూరంలో ఉండాలి.