రేపటి ఫలహారానికి రాత్రే నాంది

తెల్లవారిన తరువాత వంటయింట్లో ఇల్లాలికి తీరిక ఉండదు. పిల్లలకు బడివేళ, పెద్దలకు ఆఫీసువేళ ఒక్కసారే ముంచుకొని వస్తాయి. ఆ తొందరలో కాఫీతోనో, బజారునుంచి తెచ్చిన రొట్టెముక్కతోనో పూట గడపడం అనేక కుటుంబాలలో అలవాటై పోయినది. మన ఫలహారాలు చేసుకోవడానికి వ్యవధి ఎక్కడున్నదని అడుగుతారు. పరిశీలించి చూస్తే, వానిలో చాలావాటికి ఉదయం పట్టే సమయం స్వల్పమే. అవి కోరేది రాత్రి సమయం. ఆ రాత్రి పనిలో కూడా సగభాగం నీరు, సూక్ష్మజీవులు చేసిపెడతాయి.

మొదట పెసరట్టును తీసుకుందాం. రెండు గ్లాసుల పొట్టుపెసలకు పిడికెడు బియ్యం చేర్చి, పడుకోబోయే ముందు నానవేయాలి. తెల్లవారేసరికి గింజ ఉబ్బి మెత్తబడుతుంది. నీరు వంచి, అల్లం, పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి రుబ్బి, జీలకర్ర కలిపి వెంటనే పోసుకోవాలి. ఈ పిండి పులియరాదు. పులిస్తే పెసల కమ్మదనం పోతుంది. పెనం బాగా కాలిన తరువాత పిండిని పలుచగా తిప్పి, చుట్టూ నూనె వేసి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లాలి. దీనికి అల్లం పచ్చడి చక్కని జోడు.

దిబ్బరొట్టె సంగతి వేరు. దానికి పులుపే ప్రాణం. ఒక గ్లాసు మినపప్పును మధ్యాహ్నం నానవేసి, సాయంకాలం మెత్తగా రుబ్బాలి. రెండు గ్లాసుల బియ్యపురవ్వను కడిగి, నీరు పిండి, అందులో కలిపి ఉప్పు వేసి మూతపెట్టాలి. రాత్రంతా ఆ పిండిలో సూక్ష్మజీవులు పెరిగి ఆమ్లాన్ని, బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తాయి. మినపపిండికి ఉన్న జిగురు ఆ వాయువును పట్టి ఉంచుతుంది గనుక పిండి పొంగి తేలిక అవుతుంది. ఇడ్లీ మెత్తదనానికీ ఇదే కారణం. చలికాలంలో ఈ క్రియ నెమ్మదిగా సాగుతుంది కాబట్టి గిన్నెను వెచ్చని చోట ఉంచాలి. ఉదయం మందపాటి ఇనుపమూకుడులో నూనె కాచి, అంగుళం మందాన పిండి వేసి, మూతపెట్టి సన్నని సెగమీద ఉంచాలి. సుమారు పావుగంటకు అడుగు ఎర్రగా కాలుతుంది, అప్పుడు తిరగవేయాలి. ఈలోగా మీరు పిల్లలకు జడ వేయవచ్చు. గోదావరి జిల్లాలలో ఈ రొట్టెను చెరకు పానకంతో తింటారు. ఆవకాయతోనూ రుచిగానే ఉంటుంది.

ఇక అన్నింటికన్న సులభమైనది చద్దన్నం. పోతన భాగవతంలో బాలకృష్ణుడు గోపబాలురతో కూడి ఆరగించిన చల్దులు ఇవే. ఈనాడు కొందరు దీనిని పేదల తిండి అని చిన్నచూపు చూస్తున్నారు. రాత్రి వండిన అన్నాన్ని మిగిలినదే గదా అని గంటలకొద్దీ ఊరక వదలరాదు. గోరువెచ్చన కాగానే కాచిన పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి మూతపెట్టాలి. తోడుకొనడంవల్ల పుట్టే పులుపు చెడుక్రిములను కొంతవరకు అణచి ఉంచుతుంది. ఉదయం ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంజుకొని తినవచ్చు. మాగాయ ముక్క ఉంటే మరీ మంచిది. ఒక్క రాత్రికి మించి నిలువ ఉంచవద్దు. జిగురు సాగినా, వాసన మారినా మొగమాటం లేకుండా పారవేయండి.

పులియడంవల్ల కలిగే లాభం రుచి ఒక్కటే కాదు. మినపపిండి పులిసినప్పుడు బి వర్గపు విటమినులు కొన్ని పెరుగుతాయి. గింజలోని ఇనుమును శరీరం గ్రహించడానికి అడ్డుపడే పదార్థం కొంత తగ్గుతుంది.

ఒక్క మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. నా చిన్నతనంలో మా ఇంట రాత్రి చివరగా వినబడే చప్పుడు మా అమ్మ తిప్పే రుబ్బురోలుది. మరునాటి మా ఫలహారపు రుచి అంతా ఆమె భుజాల నొప్పిలోనుంచి వచ్చినదని అప్పుడు మాకు తోచలేదు. ఆ శ్రమను మరచి ఆ వంటలను మాత్రం పొగడడం తగదు. నేడు ఆ బరువు చాలవరకు యంత్రం మోస్తున్నది. మిగిలినది గింజలు కడిగి నీరు పోయడం, పాలకు తోడు వేయడం. ఇవి ఇంట్లో ఎవరైనా చేయదగిన పనులే. ఈ రాత్రి భోజనం ముగించి లేచేముందు, రేపటి పెసలు నానవేసే వంతు ఎవరిదో ఒకసారి ఇంటిల్లిపాదీ ఆలోచించండి.