చీకటిగదిలో పాఠాంతరాలు: ఫిల్మ్ ఛాయాచిత్రణ నిలకడపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: డిజిటల్ కెమెరాలు సర్వత్రా వ్యాపించిన తరువాత కూడా ఫిల్మ్‌పై చిత్రాలు తీసి, చీకటిగదిలో కాగితంపై ముద్రించే పద్ధతి అంతరించలేదు. గతకాలంపై మమకారమే దీనికి కారణమని చెప్పడం పరిపాటి. నెగటివ్‌కూ ముద్రిత ప్రతికీ నడుమ ఉన్న ఎడమే అసలు కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. తెలుగు పరిశోధకులకు పరిచితమైన ప్రతి, పాఠాంతరం అనే భావనల సాయంతో ఆ ఎడాన్ని వివరిస్తున్నది.

కీలకపదాలు: ఛాయాచిత్రం, నెగటివ్, చీకటిగది, ప్రతి, పాఠాంతరం, ఆన్సెల్ ఆడమ్స్, రాజా దీన్‌దయాళ్.

1. ప్రస్తావన

2012 జనవరిలో కొడాక్ సంస్థ అమెరికాలో దివాలా రక్షణ కోరినప్పుడు ఫిల్మ్ కథ ముగిసిందని చాలామంది భావించారు. జరిగింది వేరు. తయారీ నిలిచిపోయిన ఎక్టాక్రోమ్ ఫిల్మ్ 2018లో తిరిగి అమ్మకానికి వచ్చింది. లైకా సంస్థ తన పాత ఎం6 కెమెరాను 2022లో మళ్లీ తయారుచేసింది. 2024లో పెంటాక్స్ 17 అనే సరికొత్త ఫిల్మ్ కెమెరా వెలువడింది. ఇంగ్లండులో ఇల్‌ఫోర్డ్ పేరుతో నలుపు-తెలుపు ఫిల్మ్, ముద్రణ కాగితం నేటికీ తయారవుతున్నాయి.

ఈ నిలకడకు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. మొదటిది గతకాలంపై మమకారం. అయితే ఫిల్మ్ రోజులను చూడనైనా చూడని యువతరం కూడా దానిని చేపడుతున్నది. లేని జ్ఞాపకంపై మమకారం ఎలా కలుగుతుంది? రెండవది నిదానం. ఒక రీలులో 36 చిత్రాలే ఉంటాయి కనుక ఆచితూచి తీస్తారని అంటారు. ఇది కొంతవరకు నిజమే కాని, డిజిటల్ కెమెరాతో ఆచితూచి తీయడాన్ని ఎవరూ అడ్డుకోలేదు. ఈ రెండింటికంటే బలమైన కారణం కెమెరాలో కాక చీకటిగదిలో ఉంది. అక్కడికి వెళ్లేముందు మన భాషలోని ఒక క్రియను పరిశీలించాలి.

2. ‘కడగడం’

ఫోటోకు సంబంధించి తెలుగువారు వాడే క్రియలు గమనింపదగినవి. కెమెరా పట్టినవాడు ఫోటో తీస్తాడు; ఎదుట నిలిచినవాడు ఫోటో దిగుతాడు. తీసిన రీలును స్టూడియోకు ఇచ్చి కడిగిస్తారు. నచ్చినదానికి అద్దం బిగించి పటం కట్టిస్తారు. ఇవన్నీ వాడుకలో వాటంతటవి స్థిరపడిన మాటలు. గ్రాంథికమైన ‘ఛాయాచిత్రం’ కూడా అర్థవంతమైనదే. ‘ఛాయ’కు నీడ అనీ, ప్రతిబింబమనీ, కాంతి అనీ అర్థాలున్నాయి. వెలుగు పడినచోటు నల్లగా, నీడ పడినచోటు తేటగా కనిపించే నెగటివ్‌కు ఇంతకంటే తగిన మాట దొరకడం కష్టం.

ఫిల్మ్‌ను శుద్ధిచేసే ప్రక్రియలో డెవలపర్‌తో బింబాన్ని రప్పించడం, ఆమ్లద్రావణంతో ఆ చర్యను ఆపడం, హైపోతో స్థిరపరచడం, చివరికి నీటిలో కడగడం అనే దశలున్నాయి. తెలుగు వాడుక ఈ చివరి దశ పేరునే మొత్తం ప్రక్రియకు పెట్టింది. ఇందులో ఒక విశేషముంది. హైపో, అనగా సోడియం థయోసల్ఫేట్, వెండి లవణాలను కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే గుర్తించాడు; 1839లో దానిని ఛాయాచిత్రాలను స్థిరపరచడానికి ఉపయోగించాడు. కాని ఆ హైపో కాగితంలో మిగిలిపోతే కాలక్రమంలో బొమ్మ పసుపుబారి వెలిసిపోతుంది. చిత్రం ఎన్నాళ్లుంటుందన్నది కడగడంలోని శ్రద్ధపై ఆధారపడుతుంది. రసాయనాల పేర్లు తెలియని వాడుకరులు అనుకోకుండానే ఆయువుపట్టును పేరుగా పట్టుకున్నారు. నేడు ఫోనులోని బొమ్మను ప్రింటు వేయిస్తామే గాని కడిగించము.

3. కనిపించని బింబం

పారదర్శకమైన పలుచని ఆధారంపై జెలటిన్ పూత, ఆ పూతలో వెండి హేలైడ్ స్ఫటికాలు: ఫిల్మ్ అంటే ఇంతే. కాంతి సోకిన స్ఫటికంలో కొద్దిపాటి వెండి పరమాణువులు ఏర్పడతాయి. నాలుగైదు ఉన్నా చాలు, డెవలపర్ ఆ స్ఫటికాన్నంతటినీ లోహపు వెండిగా మారుస్తుంది. కంటికి కనిపించని ఈ మొదటి ముద్రను గుప్తబింబం అనవచ్చు. ఇంగ్లండుకు చెందిన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1841లో పేటెంటు పొందిన కాలొటైప్ పద్ధతి ఈ గుప్తబింబంపైనే ఆధారపడింది.

డెవలపర్ పనితీరు ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. కొడాక్ 1927లో ప్రవేశపెట్టిన డి-76 వంటి ద్రావణాలకు ప్రామాణికంగా పరిగణించేది 20 డిగ్రీల సెల్సియస్. మన ప్రాంతంలో మే నెల కుళాయి నీరు 30 డిగ్రీలకు పైగానే ఉంటుంది. ఆ వేడికి జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది; గోరు తగిలితే గీత పడుతుంది. కనుక ద్రావణమున్న ట్రేను మంచుముక్కలు వేసిన నీటిలో ఉంచి చల్లబరచవలసి ఉంటుంది. పాశ్చాత్య పుస్తకాలలో ఒక అంకెగా కనిపించే ‘20’ ఇక్కడ ఒక శ్రమ.

ముద్రణకు ఎన్‌లార్జర్ అనే దీపయంత్రం కావాలి. దానిలో నెగటివ్‌ను ఉంచి, దిగువనున్న కాగితంపైకి కాంతిని ప్రసరింపజేస్తారు. నలుపు-తెలుపు కాగితం ఎర్రని కాంతికి స్పందించదు కనుక గదిలో ఎర్రదీపం వెలిగించుకోవచ్చు. కాంతి తగిలిన కాగితం పైకి తెల్లగానే ఉంటుంది. డెవలపర్‌లో వేసిన కొన్ని క్షణాలకు ముందుగా చిక్కని నీడలు, ఆపై ముఖాలు తేలివస్తాయి. చీకటిగదిని గురించి రాసినవారందరూ ఈ దృశ్యాన్నే వర్ణిస్తారు. అది మనోహరమైనదే. కాని పదిసార్లు చూసిన తరువాత ఆ వింత తగ్గుతుంది. ఏళ్ల తరబడి మనిషిని ఆ గదిలో నిలిపేది మరొకటి.

4. ఒక నెగటివ్, అనేక ప్రతులు

1839లో ప్రకటితమైన డాగెరోటైప్‌లో వెండిపూత పూసిన రాగిరేకే చిత్రం. దానికి నకలు లేదు. టాల్బట్ పద్ధతిలో మొదట నెగటివ్, దాని నుండి ఎన్నయినా ప్రతులు. దీనిని ప్రధానంగా సంఖ్యకు సంబంధించిన సౌలభ్యంగా చరిత్రకారులు చెబుతారు. నా దృష్టిలో సంఖ్యకంటే భేదం ముఖ్యమైనది. నెగటివ్‌లో ఇమిడిన వెలుగునీడల విస్తృతి అంతటినీ కాగితం ఒకేసారి చూపలేదు. కనుక ముద్రించేవాడు ఎంచుకోక తప్పదు. ఆకాశం మబ్బులను నిలుపుకోవాలా, ముఖంలోని చీకటి తేటపడాలా అన్నది అతడే నిర్ణయించాలి. కాంతి పడుతున్నప్పుడు చేతినో చిన్న అట్టముక్కనో అడ్డుపెట్టి ఒకచోటును తేటపరుస్తాడు. మరొకచోటికి అదనంగా కొన్ని సెకన్ల కాంతినిచ్చి చిక్కబరుస్తాడు. ఆ అట్టముక్క నిరంతరం కదులుతూ ఉండాలి, లేకుంటే దాని అంచు కాగితంపై కనిపిస్తుంది. చేతి కదలిక ప్రతిసారి ఒకేలా ఉండదు కనుక ఏ రెండు ప్రతులూ అచ్చంగా ఒకటి కావు.

అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో’ ఇందుకు గొప్ప నిదర్శనం. 1941 శరదృతువులో ఒక సాయంత్రం ప్రయాణంలో ఆయనకు చిన్న గ్రామం, దాని శ్మశానంలోని తెల్లని శిలువలు, పైన ఉదయించిన చంద్రుడు కనిపించాయి. కారు ఆపి పెద్ద కెమెరాను హడావుడిగా అమర్చాడు. కాంతిని కొలిచే మీటరు దొరకలేదు. చంద్రుని ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు గుర్తుంది. ఆ అంకెనుబట్టి లెక్కవేసి తీశాడు. రెండవ చిత్రానికి సిద్ధమయ్యేలోగా శిలువలపై ఎండ తొలగిపోయింది. అంటే నెగటివ్ ఒక్కటే. తేదీ ఆయనకే గుర్తులేదు. తరువాత చంద్రుని స్థానాన్ని గణించి అది నవంబరు 1 అని తేల్చారు.

ఆ నెగటివ్‌లో గ్రామమున్న దిగువభాగం పలుచగా వచ్చింది. 1948లో ఆడమ్స్ ఆ భాగాన్ని రసాయనికంగా చిక్కబరిచాడు. ఆయన జీవితకాలంలో ఆ ఒక్క నెగటివ్ నుండి వెలువడిన ప్రతులు వెయ్యికి పైమాటే. తొలినాటి ప్రతులలో ఆకాశం బూడిదరంగులో ఉంటుంది; పైన లేతమబ్బుల చారలు కనిపిస్తాయి. దశాబ్దాలు గడిచేకొద్దీ ఆ ఆకాశం చిక్కబడుతూ చివరకు దాదాపు నల్లగా మారింది. సాయంకాలం రాత్రి అయింది. ఆడమ్స్ యౌవనంలో పియానో వాదకుడిగా శిక్షణ పొందినవాడు. నెగటివ్‌ను స్వరలిపితో, ముద్రణను వాదనతో పోల్చేవాడు. మన కచేరీ సంప్రదాయం తెలిసినవారికి ఈ పోలికను విడమరచనవసరం లేదు.

ఇందులో మూలమేది? తొలి ప్రతియా, తుది ప్రతియా? తెలుగు పాఠకులకు ఈ చిక్కు కొత్తది కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయి, 1909లో ఎంతగానో మారిన రూపంలో తిరిగి వెలువడింది. రెండూ రచయితవే, రెండవది మొదటిదానిని రద్దు చేయలేదు. అయితే ఒక భేదముంది. తాళపత్ర పరిష్కర్తకు సాధారణంగా కవి స్వహస్తప్రతి దక్కదు. ప్రతులనుండి మూలాన్ని ఊహించుకోవాలి. ఛాయాచిత్రంలో మూలం చేతిలోనే ఉంటుంది. కాని అది తనంతట తాను చదవదగిన పాఠం కాదు. ప్రతిగా మారితేనే చదవగలం.

డిజిటల్ కెమెరాల ముడిఫైలు కూడా ఇటువంటిదే కదా అన్న ఆక్షేపణ న్యాయమైనది. దానినుండి కూడా భిన్నరూపాలు రాబట్టవచ్చు. అయితే అక్కడ ఒకసారి చేసిన నిర్ణయం అక్షరం పొల్లుపోకుండా వేయిసార్లు పునరావృతమవుతుంది. చీకటిగదిలో ప్రతిసారీ మళ్లీ చేయాలి. ఆడమ్స్ ఆకాశం క్రమంగా చిక్కబడడానికి ఆ పునరావృత్తి కూడా ఒక కారణమై ఉండాలి. ఒకే పద్యాన్ని ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన అధ్యాపకుని వ్యాఖ్యానం మారకుండా ఉంటుందా?

5. గాజుపలకలు, కవర్లు

ఈ చర్చ మన ప్రాంత చరిత్రకు సూటిగా సంబంధించినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. ఆయన గాజుపలకల నెగటివ్‌లలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. ఆనాటి ఆల్బములలోని ప్రతులు వెలిసినా, ఈ పలకలు పదిలంగా ఉన్నంతకాలం కొత్త ప్రతులు తీయవచ్చు. పాత ప్రతిలో నీడలో కలిసిపోయిన ఒక సేవకుని ముఖమో, గోడమీది రాతో తేటపడే అవకాశం వాటిలోనే ఉంది.

చిన్న పట్టణాల స్టూడియోలకు ఇటువంటి సేకర్త లేడు. పెళ్లిళ్లు, నాటక సమాజాల వేషాలు, పాఠశాల బృందచిత్రాలు అక్కడి నెగటివ్‌లలో ఉన్నాయి. యజమాని మరణించినా, దుకాణం మారినా మొదట బయటపడేవి ఆ పెట్టెలే; వెండి కోసం పాత ఫిల్మ్‌ను కొనేవారూ ఉన్నారు. మిగిలినవాటికి మన ఉక్కే శత్రువు. అసిటేట్ ఫిల్మ్ వేడికీ తేమకూ విచ్ఛిన్నమై వెనిగర్ వాసన వేస్తుంది, ముడుచుకుపోతుంది. ఆ వాసన మొదలైన పెట్టెను మిగిలినవాటి నుండి వెంటనే వేరుచేయాలి.

తెలుగు నాటకరంగంపై, కుటుంబచరిత్రపై క్షేత్రపర్యటన చేసే పరిశోధకులు సాధారణంగా గోడకున్న పటాన్ని ఫోనుతో తీసుకొని వస్తారు. అది ఒక పాఠం మాత్రమే, అదీ తరచుగా అంచులు కత్తిరించిన పాఠం. పటం వెనుక స్టూడియో ముద్ర, దాని పక్కన పెన్సిలుతో వేసిన అంకె ఉన్నాయేమో చూడాలి. ఆ అంకె నెగటివ్ కవరుది. దానికి తగిన పేరు, తేదీ స్టూడియో రిజిస్టరులో ఉంటాయి. నెగటివ్‌లను దాచినవారు కూడా ఆ రిజిస్టరును పాత లెక్కల పుస్తకమని తీసివేస్తుంటారు. అప్పుడు ముఖాలు మిగిలి పేర్లు పోతాయి. కనుక స్టూడియోకు వెళ్లినప్పుడు నెగటివ్‌లకంటే ముందుగా అడగవలసింది ఆ రిజిస్టరునే.