ఊరి జట్టు ఎవరిది?

ఆటన్నాక గెలుపోటములు మామూలే. తన జట్టు ఓడిపోతే ఆ రాత్రి అభిమానికి అన్నం సయించదు. తెల్లారేసరికి మాత్రం ‘వచ్చే వారం చూద్దాంలే’ అనుకుంటాడు. ఏ జట్టు అభిమానికైనా ఆ ‘వచ్చే వారమే’ పెద్ద దిక్కు. మరి ఆ వచ్చే వారమన్నదే లేకుండా పోతే? 2019 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బరీ అనే పట్టణంలో అదే జరిగింది. ఆ నెలలో అక్కడి ఫుట్‌బాల్ జట్టు ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడలేదు. అసలు ఆడితే కదా ఓడటానికి! నెల తిరిగేసరికి 134 ఏళ్ల చరిత్ర ఉన్న క్లబ్బు లీగ్‌లోంచే మాయమైంది.

మిల్లుల ఊళ్లో తెల్ల చొక్కాలు

మాంచెస్టర్ నుంచి ట్రామెక్కితే అరగంటలో బరీ వస్తుంది. ఒకప్పుడు నూలు మిల్లులకు పేరున్న ఊరు. మిల్లులు మూతపడ్డాయి. సంత మిగిలింది, ఫుట్‌బాల్ జట్టు మిగిలింది. 1885లో పుట్టిన బరీ ఫుట్‌బాల్ క్లబ్బుకి అప్పటి నుంచీ ఒకటే ఇల్లు... గిగ్ లేన్ మైదానం. తెల్ల చొక్కా, నీలం నిక్కరు. ముద్దుపేరు ‘షేకర్స్’.

చిన్న ఊరే అయినా చిన్నచూపు చూడాల్సిన జట్టు కాదు. ఇంగ్లండ్‌లో ప్రతిష్ఠాత్మకమైన ఎఫ్ఏ కప్పుని రెండుసార్లు గెలిచింది. 1900లో సౌతాంప్టన్‌ని 4-0తో, 1903లో డార్బీ కౌంటీని 6-0తో చిత్తుచేసింది. ఆ రెండోసారి టోర్నీ మొత్తంలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఫైనల్లో ఆరు గోల్స్ తేడాతో గెలవడమన్నది 116 ఏళ్లపాటు ఇంకెవరికీ సాధ్యం కాలేదు. చివరికి 2019 మేలో పొరుగునే ఉన్న మాంచెస్టర్ సిటీ వాట్‌ఫర్డ్‌ని 6-0తో ఓడించి ఆ రికార్డుని సమం చేసింది. అబూదాబీ డబ్బుతో నడిచే సిటీ ఆ రికార్డుని అందుకుంటున్న సమయానికి, దాన్ని నెలకొల్పిన బరీలో ఆటగాళ్లకు జీతాలకే దిక్కులేదు!

ఓ పక్క సిటీ, ఇంకో పక్క యునైటెడ్. ఇద్దరూ ప్రపంచమంతా పేరున్న దిగ్గజాలే. అయినా బరీలో మూడు నాలుగు వేలమంది ఆ రెంటినీ కాదని గిగ్ లేన్‌కే వెళ్లేవారు. ఎందుకంటే తాత వెళ్లాడు, తండ్రి వెళ్లాడు, అందుకని వాళ్లూ వెళ్లారు. అంతకుమించి కారణం అక్కర్లేదు కూడా.

ఒక్క పౌండుకి క్లబ్బు

2018-19 సీజన్ బరీ అభిమాని మర్చిపోలేని సీజన్. నాలుగో అంచె లీగ్‌లో కుర్రాళ్లు దుమ్మురేపారు. ఏప్రిల్ 30న ట్రాన్మియర్‌తో మ్యాచ్ డ్రా చేసుకుని మూడో అంచెకు అర్హత సాధించారు. జీతాలు సమయానికి అందకపోయినా ఆడి గెలిచారు వాళ్లు.

పైకి పండగ. లోపల పునాదులే కదులుతున్నాయి. అంతకు కొన్నేళ్ల ముందు నుంచీ క్లబ్బు ఆదాయానికి మించి ఖర్చుపెడుతోంది. అప్పులు పేరుకున్నాయి. మైదానం కూడా తాకట్టులోకి వెళ్లింది. 2018 డిసెంబరులో పాత యజమాని క్లబ్బుని స్టీవ్ డేల్ అనే వ్యాపారవేత్తకి అమ్మేశాడు. ఎంతకో తెలుసా? ఒక్క పౌండుకి! మన లెక్కలో అప్పట్లో 90 రూపాయలు. అప్పుల భారంతో సహా అన్నమాట. ఆ కొత్త యజమాని తర్వాత ఓ రేడియో ఇంటర్వ్యూలో, బరీలో ఫుట్‌బాల్ జట్టుందన్న సంగతే తనకు అంతకుముందు తెలియదన్నారు. తరతరాలుగా ఆ జట్టే ప్రాణంగా బతికినవాళ్లకి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

జూన్‌లో కోచ్ ర్యాన్ లో ప్లిమత్ క్లబ్బుకి వెళ్లిపోయాడు. గెలిపించిన ఆటగాళ్లలో కొందరు ఆయన వెంటే నడిచారు. జులైలో అప్పులవాళ్లతో ఓ ఒప్పందం కుదిరింది. ఫుట్‌బాల్ బాకీలు పూర్తిగా తీరుస్తారు. సరుకులిచ్చినవాళ్లు, పనులు చేసినవాళ్లలాంటి మిగతావారికి మాత్రం రూపాయికి పావలా చొప్పున ఇస్తారు. ఆ ఒప్పందానికి శిక్షగా లీగ్ నిబంధనల ప్రకారం 12 పాయింట్ల కోత. సీజన్ మొదలవకముందే మైనస్ పన్నెండు! అయినా అభిమాని దిగులుపడలేదు. ‘అట్టడుగు నుంచి మొదలెడతాం, అంతేగా’ అనుకున్నాడు.

ఆ నెలరోజులు

ఆగస్టు 3న తొలి మ్యాచ్. మిల్టన్ కీన్స్ వెళ్లాలి. కానీ, సీజన్ నడపడానికి డబ్బెక్కడి నుంచి వస్తుందో ఆధారాలు చూపించమంది లీగ్. చూపించలేదు. మ్యాచ్ ఆపేశారు. తర్వాతి మ్యాచ్ కూడా అంతే. ఆ తర్వాతదీ అంతే. శనివారాలు వస్తున్నాయి, వెళ్తున్నాయి. మిగతా ఊళ్ల జట్లన్నీ ఆడుతున్నాయి. గిగ్ లేన్ గేట్లు మాత్రం తెరుచుకోలేదు.

చిత్రమేమంటే ఆ నెలలో బరీ అభిమానికి ఫుట్‌బాల్ తప్ప అన్నీ వంటబట్టాయి. దివాలా చట్టం, తాకట్టు పత్రాలు, అప్పులవాళ్ల ఓట్లు... లాయర్లు మాట్లాడుకునే మాటలు టీ కొట్టు దగ్గర వినిపించాయి. గోల్స్ లెక్కపెట్టాల్సినవాళ్లు గడువులు లెక్కపెట్టారు. క్లబ్బు మాజీ డైరెక్టర్ ఒకామె గిగ్ లేన్‌లో నీటిగొట్టానికి తనని తాను బేడీలతో బంధించుకుని నిరసన తెలిపింది.

ఆగస్టు 23 అర్ధరాత్రితో గడువు ముగియాలి. చివరి క్షణంలో కొనేవాళ్లు ముందుకొచ్చారన్న కబురు. దాంతో లీగ్ గడువుని 27 సాయంత్రం 5 గంటల దాకా పొడిగించింది. పోతున్న ప్రాణం లేచొచ్చినట్టయింది.

చీపుర్లతో వచ్చారు

27 ఉదయం. వచ్చే శనివారం మ్యాచ్ ఉంటుందన్న ఆశతో, మైదానాన్ని శుభ్రం చేయడానికి రమ్మని పిలుపు. అంతే... వందలాదిమంది చీపుర్లు, తడిగుడ్డలు, బకెట్లు పట్టుకుని వచ్చేశారు. కుర్చీలు తుడిచారు. మెట్లు కడిగారు. నెల రోజుల దుమ్ము వదలగొట్టారు. పెళ్లివారొస్తున్నారంటే ఇల్లు సర్దుకుంటామే, అలా! ఎవరూ జీతం అడగలేదు. చాలామంది సీజన్ టికెట్‌కి డబ్బు ముందే కట్టినవాళ్లు.

వాళ్లింకా అక్కడ ఉండగానే చావుకబురు చల్లగా వచ్చింది. గడువుకి గంటన్నర ముందు, కొనడానికొచ్చిన కంపెనీ వెనక్కి తగ్గింది. కాగితాలు చూసుకునేకొద్దీ చిక్కుముళ్లు పెరిగాయని చెప్పింది. ఆ రాత్రి 11 గంటలకు లీగ్ ప్రకటన వెలువడింది... బరీని బహిష్కరించామని. 1992లో మెయిడ్‌స్టోన్ యునైటెడ్ తర్వాత లీగ్ ఓ క్లబ్బుని ఇలా కోల్పోవడం అదే మొదటిసారి.

పక్క ఊరు బోల్టన్. అక్కడి క్లబ్బూ అదే రోజు అంచుమీద వేలాడింది. వాళ్లకి మరో పద్నాలుగు రోజుల గడువు దొరికింది. ఆ మర్నాడే కొత్త యజమానులొచ్చి కాపాడారు. పొరుగున పండగ, ఇంట్లో మరణం. అసూయపడాలో, వాళ్లైనా బతికారని సంతోషించాలో తెలీని పరిస్థితి బరీ అభిమానిది.

వేరే జట్టుకి మారొచ్చుగా?

బయటివాళ్లకి సహజంగా వచ్చే అనుమానం ఇది. వీధి చివర కిరాణాకొట్టు మూతపడితే ఇంకో కొట్టుకి వెళ్తాం. పక్కనే రెండు పెద్ద జట్లుండగా ఇంత ఏడుపెందుకు?

ఎందుకంటే అభిమాని ఖాతాదారు కాడు. బాగోలేకపోతే మానేసేవాడు ఖాతాదారు. బాగోలేకపోయినా వర్షంలో తడుస్తూ వచ్చేవాడు అభిమాని. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు పక్క సీట్లో కూర్చునే మనిషి ఇంటిపేరేమిటో తెలియకపోవచ్చు. పాతికేళ్లుగా పలకరింపు మాత్రం ఉంటుంది. భర్త పోయాక కూడా ఆయన సీటు వదల్లేక వచ్చే పెద్దావిడ, వారమంతా మాట్లాడుకోని తండ్రీకొడుకులు ఆ రెండు గంటలు మాట్లాడుకోవడం... ఏ ఊరి మైదానంలోనైనా కనిపించేవే ఇవి. మైదానం మూతపడితే పోయేవీ ఇవే. వీటిని ఏ ఆడిటరూ ఆస్తుల పట్టికలో రాయడు.

అలాగని తప్పంతా యజమానులదేనా? నిజాయతీగా ఆలోచించే అభిమాని ఇంకో ప్రశ్నా వేసుకోక తప్పదు. కొత్త ఆటగాడొచ్చాడంటే చప్పట్లు కొట్టాం సరే... ఆ జీతం ఎక్కడి నుంచి వస్తోందని ఎప్పుడైనా అడిగామా? గెలుస్తున్నప్పుడు లెక్కలు ఎవరికీ గుర్తురావు. ఓ ఇంట్లో అయినా అంతే, క్లబ్బులో అయినా అంతే. కాకపోతే అడిగినా జవాబు చెప్పాల్సిన బాధ్యత యజమానికి లేదు. కాగితాల మీద వాటాలు ఆయనవి. ప్రాణం పెట్టినవాళ్ల పేరు ఏ కాగితం మీదా లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మనకీ తెలిసిన బాధే

ఈ కథ మరీ దూరపుదేం కాదు. బరీ తన జట్టుని పోగొట్టుకున్న ఆ ఆగస్టు చివర్లోనే హైదరాబాద్‌కి ఓ కొత్త జట్టొచ్చింది. పుణె క్లబ్బు మూతపడగా ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఛాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీ షూటౌట్‌లో మూడు కిక్కులు ఆపిన రాత్రి అది. రహీమ్ కోచ్‌గా ఉన్న కాలంలో దేశానికే పాఠాలు చెప్పిన హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి మళ్లీ మంచిరోజులొచ్చాయని పాతతరం మురిసిపోయింది.

రెండేళ్లు తిరక్కుండానే జీతాల బకాయిలు. 2023-24 సీజన్ మధ్యలో ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జట్టు అట్టడుగున నిలిచింది. యాజమాన్యం మారింది. చివరికి 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు చొక్కాలేసుకుని కేకలు పెట్టిన కుర్రాళ్లని ఎవరైనా అడిగారా? బరీలోనూ ఎవరూ అడగలేదు. పుణె నుంచి ఇటొచ్చినప్పుడు అక్కడివాళ్లనీ అడిగి ఉండరు.

ఇల్లు మళ్లీ దక్కింది

బరీ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. 2019 డిసెంబరుకల్లా అభిమానుల్లో కొందరు కలిసి బరీ ఏఎఫ్‌సీ అని కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. పక్కనున్న రాడ్‌క్లిఫ్ మైదానాన్ని వాడుకుంటూ 2020లో పదో అంచె నుంచి ఆట మొదలెట్టారు. ఇంకొందరికి అది నచ్చలేదు. ‘మా క్లబ్బు ఇంకా చావలేదు. గిగ్ లేన్‌ని వదిలి వేరే జట్టుని ఎలా చూస్తాం?’ అన్నది వాళ్ల వాదన. ఒకే జట్టుని ప్రేమించినవాళ్లు రెండు వర్గాలయ్యారు. ఆస్తి పోయాక అన్నదమ్ముల మధ్య మాటలు కరవైనట్టు!

2022 ఫిబ్రవరిలో అభిమానుల సంఘం ఒకటి గిగ్ లేన్‌నీ, క్లబ్బు పేరునీ కొనుక్కుంది. ప్రభుత్వ నిధి నుంచి పది లక్షల పౌండ్లొచ్చాయి. మిగతాది విరాళాలు. ఇక రెండు వర్గాలూ కలవాలి. 2022లో ఓటింగ్ పెడితే ఒక వర్గంలో కావాల్సినంత మెజారిటీ రాక వీగిపోయింది. మళ్లీ మాట్లాడుకున్నారు. 2023లో సరేననుకున్నారు. ఆ ఏడాదే బరీ ఎఫ్‌సీ అన్న పాత పేరుతో, పాత మైదానంలో జట్టు తిరిగొచ్చింది. తొమ్మిదో అంచె ఆటకి మామూలుగా వందల్లో వస్తే గొప్ప. గిగ్ లేన్‌కి వేలల్లో వచ్చారు. 2025లో ఆ లీగ్ గెలిచి ఎనిమిదో అంచెకు ఎక్కారు. ఒకప్పుడున్న చోటికి చేరాలంటే ఇంకా అయిదు మెట్లు. ఈసారి తొందరేం లేదు, క్లబ్బు తమదే.

ఈ గొడవ ఊరు దాటి పార్లమెంటు దాకా వెళ్లింది. బరీలాంటి పతనాల తర్వాత అభిమానుల గోడు వినడానికి బ్రిటన్ ప్రభుత్వం ట్రేసీ క్రౌచ్ ఆధ్వర్యంలో సమీక్ష జరిపించింది. 2021 నవంబరులో నివేదిక వచ్చింది. 2025 జులైలో చట్టమైంది. క్లబ్బులకి లైసెన్సులివ్వడానికి స్వతంత్ర నియంత్రణ సంస్థ, కొనేవాడి స్తోమతనీ నడవడినీ ముందే పరీక్షించడం, ముఖ్యమైన విషయాల్లో అభిమానుల్ని సంప్రదించడం దాని సారాంశం. చట్టమొచ్చినంత మాత్రాన ఏ క్లబ్బూ మునగదని కాదు. మునిగేముందు అడిగేవాడు ఒకడుంటాడు, అంతే.

ఆ ఆగస్టు 27న చీపురు పట్టుకుని వచ్చినవాళ్లు శుభ్రం చేసిన కుర్చీల్లో కూర్చోవడానికి నాలుగేళ్లు పట్టింది. జట్టు ఎవరిదన్న ప్రశ్నకి ఆ రోజు కాగితం మీద వాళ్ల దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది.